జిమ్నీ క్యాంపింగ్ బిల్డ్: లిఫ్ట్ కంటే ముందు కాటా

ఏప్రిల్

మారుతీ ఐదు డోర్ల జిమ్నీని మారేడుమిల్లి, పాడేరు వైపు క్యాంపింగ్‌కి తయారు చేస్తున్నాను. వెనక సీట్లు మడిచి డ్రాయర్లు, పడుకోవడానికి పలక బిగించడం అయిపోయింది. సామాను ఎక్కించగానే బండి వెనక భాగం కూర్చుంటోంది కాబట్టి ఇక సస్పెన్షన్ సంగతి చూడాలి.

ఏ గ్యారేజీకి వెళ్లినా మొదట అడిగేది ఒకటే: "ఎన్ని ఇంచులు లేపమంటారు సార్?" నా లెక్కలో అది చివర్లో రావాల్సిన ప్రశ్న. బండి ఎప్పుడూ మోసే బరువెంతో తేలితే తప్ప స్ప్రింగ్ ఎంచుకోవడం కుదరదు. అందుకే ముందు ఇసుక లారీలు తూచే కాటాకి తీసుకెళ్లాను. మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలే ప్లాట్‌ఫారం మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలే ఉంచి ఒకసారి తూయించాను. స్ప్రింగ్ అమ్మేవాళ్లకి కావాల్సింది ఈ ఇరుసుల వారీ లెక్కే.

జిమ్నీలో మాన్యువల్ గేర్ల జీటా వేరియంట్ ఖాళీ బరువు 1,195 కిలోలు. అన్నీ కలిపి 1,545 దాటకూడదు. అంటే మన చేతిలో ఉన్నది 350 కిలోలు. ఇద్దరు మనుషులకే 150 పోతుంది. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు. డ్రాయర్లు, పలక 45, బండి ఇరుక్కుంటే బయటికి లాగే రికవరీ సామాను 25, నిండిన ఫ్రిజ్ 25, టెంటు, పరుపులు 20, పొయ్యి, గిన్నెలు 15, లిథియం బ్యాటరీ 12. ఇది రాసుకున్నాక రూఫ్ టెంట్ ఆలోచన మానేశాను. 50, 60 కిలోలు నెత్తిన పెట్టుకుని పక్కకి వాలిన దారిలో వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఓనర్ మాన్యువల్‌లో పైకప్పు బరువు పరిమితి చూసినవాళ్లెవరూ ఆ పని చేయరు. డ్రాయర్ల పలకల్ని 18 మి.మీ. ప్లైవుడ్ నుంచి 12 మి.మీ.కి మార్చాను. సగం నీళ్లు దారిలో నింపుకోవచ్చు, ఈ కొండల్లో ఊళ్లు మరీ దూరం కాదు.

కూర్చున్న లెక్క కూడా తీశాను. చక్రం నడిమి నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి, ఖాళీగా ఒకసారి, సామానుతో ఒకసారి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి అంకె మారిపోతుంది, ఇలా అయితే మారదు. ముందు వైపు తేడా పెద్దగా లేదు. వెనక దాదాపు నాలుగు సెంటీమీటర్లు దిగింది.

జూన్

ఒక్కో స్ప్రింగ్ మిల్లీమీటరుకి 2 కిలోలు మోస్తుందనుకుందాం. వెనక ఇరుసు మీద 160 కిలోలు పడితే ఒక్కో వైపు 80, అంటే 40 మి.మీ. దిగుతుంది. గుంతలో చక్రం పైకి రావడానికి ఉన్న చోటులోంచి ఆ 40 బయల్దేరకముందే ఖర్చయిపోతుంది. చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మకి, అంటే బంప్ స్టాప్‌కి, బండి మాటిమాటికీ కొట్టుకునేది ఇందుకే. స్ప్రింగ్ మార్చి ఆ చోటు తిరిగి సంపాదించాలి. ఎత్తు దానితో పాటు కొంచెం వస్తే రానీ.

ఓల్డ్ మ్యాన్ ఎమ్యూ లాంటి కంపెనీలు స్ప్రింగుల్ని శాశ్వతంగా మోసే బరువును బట్టి విడగొట్టి అమ్ముతాయి. నా డ్రాయర్లు, బ్యాటరీ, ఫ్రిజ్ ఎప్పుడూ బండిలోనే ఉంటాయి కాబట్టి వెనక మధ్యస్థం, ముందు తేలిక రకం తీసుకున్నాను. ముందు బుల్‌బార్ (ఇనుప గార్డు), వించ్ (తాడుతో బండిని లాగే మోటారు) లేనివాళ్లు అక్కడ గట్టి స్ప్రింగ్ వేస్తే నడుము నొప్పి తప్ప లాభం లేదు. కాయిల్ స్ప్రింగ్ లోపల పెట్టే గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) చవకే, కానీ చక్రం బాగా కిందికి వేలాడే దారుల్లో అవే అడ్డు, పైగా పంక్చర్ టెన్షన్.

బొలెరో క్యాంపర్ ఉన్న స్నేహితుడి పని నాకంటే సులువు. వెనక కమాన్ కట్టలో (లీఫ్ స్ప్రింగ్) ఇంకో పట్టీ వేయించుకున్నాడు, లారీలు బాగుచేసే ఏ షెడ్డులోనైనా అయిపోతుంది. బరువుకి కమాన్ కట్టలు ఇప్పటికీ మంచివే. జిమ్నీ నాలుగు చక్రాలకీ కాయిల్సే, ముందూ వెనకా రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు (సాలిడ్ యాక్సిల్). రాళ్ల మీద ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుని నేలని పట్టుకుంటుంది. ఆ గుణం చెడగొట్టకూడదని నా పట్టుదల.

స్ప్రింగ్ ఊగుడుని ఆపే షాక్‌ల (షాక్ అబ్జార్బర్ల) దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. స్ప్రింగ్ గట్టిపడితే అది వెనక్కి తన్నే బలం కూడా పెరుగుతుంది. పాత షాక్ దాన్ని ఆపలేదు, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండుమూడు సార్లు ఊగుతుంది. అందుకే రెండూ కలిపే మార్చాలి. ఒకే గొట్టం ఉన్న షాక్, అంటే మోనోట్యూబ్, త్వరగా చల్లబడుతుంది, కానీ పిస్టన్ నేరుగా బయటి గొట్టంలోనే తిరుగుతుంది. రాయి తగిలి గొట్టం సొట్టపడితే అక్కడికక్కడే ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్‌లో దాని చుట్టూ ఇంకో గొట్టం ఉంటుంది కాబట్టి చిన్న సొట్టకి పని ఆగదు. మన తూర్పు కనుమల్లో వేగం తక్కువ, రాళ్లు ఎక్కువ. ఆయిల్ నురగ కట్టకుండా లోపల ఫోమ్ ఉన్న లావుపాటి ట్విన్ ట్యూబ్ తీసుకున్నాను. విడిగా ఆయిల్ రిజర్వాయర్ ఉన్నవి ఎడారిలో గంటల తరబడి వేగంగా తోలేవాళ్లకి.

ఎత్తు దాదాపు ఒకటిన్నర ఇంచు దగ్గర ఆపేశాను. అంతకు మించితే క్యాస్టర్ కోణం (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, ఇరుసుని చాసిస్‌కి అడ్డంగా కట్టి ఉంచే లేటరల్ రాడ్ దాన్ని పక్కకి జరుపుతుంది, బ్రేక్ పైపులు బిగుసుకుంటాయి. ఒక్కోదానికీ మళ్లీ ఒక్కో పార్టు కొనాలి. చట్టం సంగతీ ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

ఆగస్టు

బిగించడం అయింది. మెకానిక్ పక్కనే నిలబడి చూసుకోవాల్సిన పని ఒకటుంది. జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా బుష్‌ల (కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టాల) బోల్టులు పూర్తిగా బిగించకూడదు. బండి నేల మీద నిలబడ్డాక, సామాను బరువుతో బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు సరిచేయించాను.

పరీక్షకి పిల్లల మోడలింగ్ క్లే వాడాను. బంప్ స్టాప్ రబ్బరు వచ్చి కొట్టుకునే చోట బొటనవేలంత ముద్ద అంటించాను. వానకి కోసుకుపోయిన మట్టిదారిలో తిరిగొచ్చి చూస్తే వెనక ముద్దలు చెక్కుచెదరలేదు. ముందు ఎడమది రొట్టెలా నలిగింది, రబ్బరు గీతలు దాని మీద అచ్చు పడ్డాయి. షాక్‌లు ముట్టుకుంటే నాలుగూ ఒకేలా వేడిగా ఉన్నాయి. ఒకటి మిగతా మూడింటికంటే చల్లగా ఉంటే అది పని చేయడం లేదని అనుమానించాలి. ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు. టైర్లలో గాలి 20 పీఎస్ఐ దగ్గరికి దించితే చిన్న రాళ్ల అదురు సగం తగ్గింది. అన్నిటికంటే చవకైన సస్పెన్షన్ అదే, కాకపోతే తారురోడ్డు ఎక్కేముందు నింపడానికి కంప్రెసర్ వెంట ఉండాలి.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ మలుపుల్లో ఒరుగు తగ్గింది. మలుపుల్లో బండి ఒరగకుండా చూసే ముందు స్టెబిలైజర్ బార్ తీసేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు గానీ, ఇంత సామానుతో ఘాట్ దిగే బండికి అది ఉండాల్సిందే.

ముందు ఎడమ వైపు ముద్ద ఎందుకంత నలిగిందో ఇంకా చూడాలి. బ్యాటరీ ఆ వైపు సీటు కింద ఉంది. దాన్ని కుడివైపు డ్రాయర్లోకి మార్చి మళ్లీ కాటా వేయించి, కొత్త క్లే అంటిస్తాను. వెయ్యి కిలోమీటర్లయ్యాక బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడాలి.