అమ్మతో కంబ్రే దీవికి: నా అనుభవం

నిన్న అమ్మని తీసుకుని స్కాట్లాండ్‌లోని గ్రేట్ కంబ్రే దీవికి వెళ్ళొచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు.

వెళ్ళడం తేలిక. గ్లాస్గో సెంట్రల్‌లో రైలెక్కితే గంటకి లార్గ్స్. అక్కణ్ణుంచి ఫెర్రీలో పది నిమిషాలు, దిగాక దీవిలోని ఊరు మిల్‌పోర్ట్‌కి బస్సు.

దీవి చుట్టూ రోడ్డు 16 కిలోమీటర్లు, దాదాపు చదును. అందరూ సైకిల్ మీదే తిరుగుతారు. మేమూ అద్దెకిచ్చే షాపు ముందు క్యూలో నిలబడ్డాం. మా ముందున్న తెల్లజుట్టు ఆవిడలకి పేరు రాసుకుని సైకిళ్ళిచ్చేశాడు. అమ్మని చూడగానే ఆగాడు. "ఆవిడకి తొక్కడం వచ్చా?" అని నన్నడిగాడు, ఆవిడ పక్కనే ఉన్నా. వచ్చంటే నమ్మలేదు. వీధిలో తొక్కి చూపించమన్నాడు. క్యూలో వాళ్ళందరూ మావైపే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. "మిగతావాళ్ళనెందుకు అడగలేదు?" అంటే వినపడనట్టు ఊరుకున్నాడు.

తెనాలి దగ్గర పల్లెల్లో వానా ఎండా అనకుండా సైకిల్ మీద బడికెళ్ళి పాఠాలు చెప్పిన టీచర్ మా అమ్మ! "పోనీలేవే, తొక్కితే పోలా" అని చున్నీ నడుముకి బిగించి, వీధి చివరిదాకా వెళ్ళి చక్కగా తిరిగొచ్చింది. అతను సారీ కూడా చెప్పలేదు. మనిషి ముఖం చూసి చేతకాదని తేల్చేయడం ఏం మర్యాద? వయసులో పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?

ఇక్కడ ఉండే మనవాళ్ళకి నా సలహా: సొంత సైకిళ్ళుంటే తెచ్చుకోండి. రైల్లోనూ ఫెర్రీలోనూ వాటికి టికెట్ లేదు. అలాంటివాళ్ళకి మన డబ్బెందుకు?

మొసలి ముఖంలా రంగులేసిన బండ దగ్గర ఫొటోలు దిగి, పడమటి తీరం పట్టుకున్నాం. నీళ్ళకవతల బ్యూట్ దీవి, దాని వెనక అర్రాన్ కొండలు. గాలి వెనకనుంచి తోస్తుంటే అమ్మ నన్ను దాటి వెళ్ళిపోయింది. తూర్పు వైపు మాత్రం ఎదురుగాలి, కాళ్ళు లాగేశాయి. బ్రిటన్‌లోకెల్లా చిన్న కెథీడ్రల్ ఈ ఊళ్ళోనే ఉంది. లోపల అమ్మ చాలాసేపు కూర్చుంది.

లార్గ్స్‌లో 1263లో నార్వే సైన్యంతో జరిగిన యుద్ధానికి గుర్తుగా కట్టిన పెన్సిల్ స్తంభం చూడాలంటే ఒడ్డు వెంబడి కొంచెం ఎక్కువే నడవాలి. ఓపికుంటేనే వెళ్ళండి. మేం ఐస్‌క్రీమ్ తిని రైలెక్కేశాం.