చిక్కుడు పాదు చుట్టూ 8 అడుగుల కంచె

"అమ్మా, జింకపిల్ల లోపలే ఉండిపోతే వాళ్లమ్మ ఎలా వస్తుంది?" అని అడిగి మా అమ్మాయి, పెరట్లోకి జింకలు రాకుండా కడుతున్న కంచెకు జిప్ టై (ప్లాస్టిక్ కట్టు) వేయనంది. సంక్రాంతికి మన ఊళ్లలో పిచ్చుకల కోసం చూరుకు వరికంకులు కడతారని దానికి చెప్పిందీ నేనే, ఇప్పుడు జింకల నోటి దగ్గర ఆకు లాక్కునేదీ నేనే. అయినా కంచె కట్టాల్సిందే అంటాను.

న్యూజెర్సీలో పెరడు వేసే మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది, చిక్కుడంటే జింకలకు ప్రాణం. అమెరికా దక్షిణాదిలో వేటగాళ్లు జింకలను రప్పించడానికి లాబ్‌లాబ్ అని వేసేది మన చిక్కుడే. గోంగూర, బెండ, తోటకూర కూడా మిగలవు. వెల్లుల్లి, పుదీనా జోలికి సాధారణంగా రావు. తిన్నది జింకో కుందేలో కాడ చూస్తే తెలుస్తుంది. జింకకు పైదవడలో ముందుపళ్లు ఉండవు, ఆకును పట్టి లాగుతుంది కాబట్టి కాడ పీచులు పీచులుగా చిరిగి ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది.

ఆ వాసనకు జింకలు రావని మొక్కలపై గుడ్డు నీళ్లు కొట్టేవాళ్లు గ్యాలన్ నీళ్లకు 3 గుడ్లు గిలక్కొట్టి వడకడతారు, లేకపోతే నాజిల్ పూడుకుపోతుంది. వాన పడితే మళ్లీ కొట్టాలి. నిన్న కొట్టినా ఈరోజు వచ్చిన చిగురుకు వాసన ఉండదు, జింకకు కావాల్సింది ఆ చిగురే. పైగా మనం ఆకు తినే గోంగూరకు అది కొట్టడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

ప్లాస్టిక్ వలతో కట్టే కంచె 8 అడుగుల ఎత్తు ఉండాలి, 6 అడుగులు అవలీలగా దూకేస్తాయి. 10 అడుగుల గుంజలు 2 అడుగులు నేలలోకి దింపాలి, గుంజకీ గుంజకీ మధ్య 8 నుంచి 10 అడుగులు. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లకు గుర్తులు పెట్టి వెళ్తారు. చాలా టౌన్‌షిప్‌లు (అంటే ఊరి పాలక సంస్థలు) కంచెను 6 అడుగులు దాటనివ్వవు, ముందే అడగండి. ఒప్పుకోకపోతే 4 అడుగుల కంచెలు రెండు, మధ్య 4 అడుగుల ఎడంతో కట్టండి. జింక ఎత్తుకైనా దూకుతుంది, దూరానికైనా దూకుతుంది, రెండూ ఒకేసారి కష్టం.

అందరూ పైన చూసుకుని కింద వదిలేస్తారు. జింక దూకే ముందు దూరడానికే చూస్తుంది. వల అంచును ప్రతి 2 అడుగులకు మేకు కొట్టి నేలకు బిగించాలి. కింది 2 అడుగులకు కోళ్ల జాలీ కలపాలి, ప్లాస్టిక్ వలను కుందేళ్లు కొరికేస్తాయి. నల్ల వల చీకట్లో కనబడదు కాబట్టి 4 అడుగుల ఎత్తున తెల్ల రిబ్బన్లు కట్టకపోతే జింక వచ్చి గుద్దుకుంటుంది. గేటు కూడా అంతే ఎత్తుండాలి.

ఇక మా అమ్మాయి అడిగిన జింకపిల్ల సంగతి. మే చివర, జూన్‌లో తల్లి జింక పిల్లను గడ్డిలో పడుకోబెట్టి మేతకు పోతుంది. మనిషి దగ్గరకెళ్లినా పిల్ల కదలదు. అందుకని కంచె మే మధ్యలోపే మూసేయాలి, మూసేముందు గడ్డంతా అడుగడుగూ చూడాలి. పిల్ల కనిపిస్తే ఎత్తకూడదు. ఒక వైపు వల విప్పి అందరూ ఇంట్లోకి వెళ్లిపోవాలి, తల్లి దానంతట అదే వస్తుంది.

ఇదంతా విన్నాక జిప్ టైలు అందించింది. "మరి వాటికి వరికంకులు ఎక్కడ కడదాం?" అంది. తిండి పెడితే మందలు ఒకేచోట చేరి రోగాలు అంటించుకుంటాయని, లైమ్ వ్యాధి తెచ్చే పిడుదులు మన గడ్డిలో రాలతాయని చెప్పాను. నిజమే చెప్పాను. వచ్చే సంక్రాంతికి ఆ పిచ్చుకల మాట మళ్లీ ఎత్తాలో వద్దో మాత్రం తేల్చుకోలేకుండా ఉన్నాను.