ఘాట్ రోడ్డులో నల్లపొగ

కొండ కింద బంకులో పంపు ఆటోమేటిగ్గా ఆగాక కూడా ట్యాంకు మూతి దాకా పెట్రోలు పోశారు. ఘాట్ సగం ఎక్కి మలుపులో ఆపితే ఐడిలింగ్‌లో ఇంజన్ వణుకుతోంది. సైలెన్సర్ నుంచి నల్లపొగ, పచ్చి పెట్రోలు వాసన. స్కానర్ పెడితే పీ0172, అంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ.

ఎత్తు మీద గాలి పలచన కాబట్టి ఇలాగే ఉంటుందంటారు. కార్బురేటర్ బండి విషయంలో నిజమే. ఇంజెక్షన్ బండిలో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌ను బట్టి కంప్యూటర్ పెట్రోలు తగ్గించేస్తుంది. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి రీడింగ్ చూశాం: 2000 మీటర్ల ఎత్తులో సుమారు 80 కిలోపాస్కల్స్ ఉండాలి, ఉంది. కూలెంట్ 90 డిగ్రీలు, అదీ సరే. వేడెక్కిన ఇంజన్‌కు అక్కడ 20 డిగ్రీలు చూపిస్తే, చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది.

అసలు ఆనవాలు ఫ్యూయల్ ట్రిమ్‌లో దొరికింది, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే లెక్క. షార్ట్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ (అలవాటుగా నిలిచిన సవరణ) రెండూ కలిపి ఐడిలింగ్‌లో మైనస్ 24 శాతం, 2500 ఆర్‌పీఎంలో మైనస్ 5. ఫ్యూయల్ ప్రెషర్ ఎక్కువైతే రెండు చోట్లా దాదాపు ఒకేలా పడిపోయేది. ఎక్కడినుంచో కొంచెం పెట్రోలు అదనంగా వస్తుంటే, గాలి తక్కువ పీల్చే ఐడిలింగ్‌లోనే దాని ప్రభావం ఎక్కువ. ఇలాంటప్పుడు పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, అది ఉన్నది ఉన్నట్టే చెబుతోంది.

ట్యాంకు పొంగేలా నింపితే, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి ద్రవ పెట్రోలే చేరుతుంది. ఆ ఆవిరిని ఇంజన్‌కు వదిలే పర్జ్ వాల్వ్ మూసుకోకపోతే అదంతా ఇంటేక్‌లోకే, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకే. కరెంటు లేనప్పుడు ఆ వాల్వ్ పూర్తిగా మూసి ఉండాలి. కనెక్టర్ పీకి, క్యానిస్టర్ వైపు పైపు ఊడదీసి, ఐడిలింగ్‌లో వాల్వ్ మూతికి వేలు అడ్డుపెట్టాం. గట్టిగా లాగింది, తెరుచుకునే ఇరుక్కుపోయింది. (లాగకపోతే తర్వాత చూడాల్సింది ఫ్యూయల్ ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు. అందులో పెట్రోలు తడి ఉంటే లోపలి పలచటి పొర (డయాఫ్రం) చిరిగినట్టే. ఆపైన కారే ఇంజెక్టర్లు.)

ఇంజన్ చల్లారాక ఇంటేక్ వైపు మూతికి రబ్బరు క్యాప్ తొడిగి క్లాంప్ బిగించాం. ఊడదీసిన పైపు కొసనూ మూసేశాం, లేకపోతే ఇంజన్ వేడి దగ్గర ఆవిరి పేరుకుంటుంది. స్టార్ట్ చేస్తే షార్ట్ ట్రిమ్ వెంటనే పైకి లేచింది, పొగ ఆగింది. లాంగ్ ట్రిమ్ కుదురుకోవడానికి బండి కొంత దూరం నడవాలి.

కొత్త వాల్వ్ వేశాక కోడ్ చెరిపి, ఇంజన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే ఆయిల్ మార్చాల్సిందే. రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడిచిన బండిని ఎండుగడ్డి మీద ఆపొద్దు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మామూలు కన్నా బాగా కాలుతుంటుంది.