సూది కదలని ఉదయం

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) నావిగేషన్ పేపర్ మొదటిసారి ఫెయిలయ్యాను. పాసవ్వాలంటే 70 శాతం రావాలి. ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్ (మీటర్ చూపించే వేగం) నుంచి ట్రూ ఎయిర్‌స్పీడ్ (గాలిలో విమానం అసలు వేగం) తీసే లెక్కలే నన్ను ముంచాయి. ఫార్ములా కంఠతా వచ్చు, ఆ రెండు వేగాలూ ఎందుకు వేరో మాత్రం తెలీదు.

ఆ బాధలో ఉండగానే ఒక ఉదయం సెస్నా 172 శిక్షణ విమానంలో టేకాఫ్‌కి ఫుల్ థ్రాటిల్ ఇచ్చాను. రన్‌వే చారలు గబగబా వెనక్కి పోతున్నాయి, స్పీడ్ సూది ఉన్నచోటే ఉంది. సూది కదిలిందని చెప్తూ "ఎయిర్‌స్పీడ్ అలైవ్" అనాల్సిన చోట నాకు నోరు పెగల్లేదు. "పవర్ తీసెయ్ అమ్మా, ఆపు" అన్నారు పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ సార్.

ఎడమ రెక్క కింద, స్పీడ్ మీటర్‌కి ఎదురుగాలిని అందించే పిటో గొట్టంలోకి టార్చి వేసి చూస్తే కందిగింజంత ఎండు మట్టి. ఏదో పురుగు గూడు మొదలుపెట్టింది. ఎగిరేముందు చెకింగ్‌లో గొట్టాన్ని చూశాను కానీ రంధ్రంలోకి తొంగిచూడలేదు. ఆ తప్పు నాదే. 1996లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో కూలి 189 మందిని బలిగొన్న బోయింగ్ 757లోనూ పిటో గొట్టమే మూసుకుపోయింది, కందిరీగ గూడని అనుమానించారు.

నోటితో ఊదబోతుంటే టెక్నీషియన్ అన్న గట్టిగా ఆపాడు, మీటర్ పాడైపోతుందని. అంత సున్నితమా అన్నాను. అప్పుడు సార్ చెప్పారు: "ఇది వేగాన్ని కొలవదమ్మా, ఒత్తిడిని కొలుస్తుంది." ఎదురుగాలి పిటోలోకి తోసే ఒత్తిడిలోంచి, విమానం పక్కనున్న స్టాటిక్ రంధ్రం ఇచ్చే మామూలు గాలి ఒత్తిడి పోగా మిగిలిందే మీటర్‌లోని పలచటి రేకు డబ్బీని ఉబ్బిస్తుంది. ముక్కు పైకెత్తే 55 నాట్ల (గంటకు దాదాపు 102 కి.మీ.) దగ్గర ఆ తేడా 5 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం, అంతే!

మీటర్ మీద అంకెలు సముద్రమట్టంలో, 15 డిగ్రీల గాలి సాంద్రతకు వేసినవి. పైకి వెళ్తే గాలి పలచన, అదే ఒత్తిడి రావాలంటే ఇంకా వేగంగా పోవాలి. 10,000 అడుగుల్లో సూది 100 చూపిస్తే అసలు వేగం దాదాపు 116 నాట్లు. మరి సూది అబద్ధం చెప్తోందా? లేదు. రెక్కకు తెలిసేదీ ఆ ఒత్తిడే, అందుకే స్టాల్ (రెక్క విమానాన్ని మోయలేకపోవడం) ఏ ఎత్తులోనైనా దాదాపు అదే అంకె దగ్గర వస్తుంది. విమానాన్ని నిలబెట్టుకోవడానికి ఇండికేటెడ్, ఊరు ఎప్పుడు చేరతామో లెక్కేసుకోవడానికి ట్రూ. ఆ మాట విన్నాక నాలో ఏదో ముడి విడిపోయింది.

గొట్టం శుభ్రం చేసి, పరీక్షించి, రెండ్రోజులకు విమానాన్ని మళ్లీ ఇచ్చారు. థ్రాటిల్ తోశాను. సూది వణికి, 40 దాటింది. "ఎయిర్‌స్పీడ్ అలైవ్!" అని అవసరానికి మించి గట్టిగానే అరిచాను. నావిగేషన్ పేపర్ రెండోసారికి పాసయ్యాను.