హకీకు రాయిలో చిన్న వినాయకుడు: ఉలి పక్కన పెట్టండి

ఆళ్లగడ్డ శిల్పుల పని చూసినవాళ్లు హకీకు (అగేట్) రాయి చేతికి రాగానే ఉలి, సుత్తి వెతుక్కుంటారు. అవి ఇక్కడ పనికిరావు. హకీకు, జాస్పర్, స్ఫటికం మూడూ సిలికా జాతి రాళ్లు, పదికి లెక్కించే మోస్ కొలతలో గట్టిదనం 7 దరిదాపు. ఉలి ఉక్కు అంతకంటే మెత్తన. దెబ్బ వేస్తే పైకి ఏమీ తెలియదు గానీ లోపల బీట పడుతుంది, మెరుగు పెట్టే రోజున తెల్లటి మచ్చై బయటపడుతుంది. రత్నపు రాయిలో బొమ్మ తీయడమంటే మోటారుకు తిరిగే, వజ్రపు పొడి పట్టించిన బిట్లతో అరగదీయడమే.

మొదటి బొమ్మకు రెండంగుళాల వినాయకుడు మేలు. తొండం బొజ్జకు ఆనుకుంటుంది, చేతులు ఒంటిని అంటి ఉంటాయి, విరిగే సన్నని భాగాలు తక్కువ. వేణుగోపాలుడి జోలికి అప్పుడే పోవద్దు.

సగం పని రాయి ఎంచుకోవడంలోనే ఉంది. రాయిని తడిపి తుడవండి. పైభాగం ఆరినా బీటలో తడి కాసేపు నిలిచి సన్నని నల్లగీతలా కనిపిస్తుంది. వెలుతురు దూరే రాయైతే వెనక టార్చి పెట్టి చూడండి. ఫ్లోరైట్ రంగులకు మోసపోవద్దు, అది నాలుగు దిక్కుల్లో పలకలుగా విడిపోతుంది. కెంపు కలిసిన జోయిసైట్ కూడా కొత్తవాళ్లకు తలనొప్పే. కెంపు 9, చుట్టూ ఉన్న ఆకుపచ్చ జోయిసైట్ 7 లోపు. పచ్చభాగం ముందు అరిగిపోయి కెంపులు బుడిపెల్లా మిగులుతాయి. పులివెందుల వైపు దొరికే ఆకుపచ్చ సర్పెంటైన్ మెత్తన, చూడముచ్చట. కానీ అక్కడ రాతినార, అదే ఆస్‌బెస్టాస్, ఆ రాతి పొరల్లోనే ఉంటుంది. ఎంత నచ్చినా దాన్ని ఇంట్లో కోయకండి.

ముందు రాయి మీద బొమ్మ పక్కనుంచి కనిపించే రూపం గీసుకోండి. అల్యూమినియం తీగతో గీస్తే నీళ్లకు చెరగదు. డైమండ్ బ్లేడుతో మూలలు మెట్లుమెట్లుగా కోసేసి, తరువాత ఎదురుగా కనిపించే రూపం గీయాలి. బొజ్జ, తొండం అన్నిటికంటే ముందుకు ఉండేవి, అక్కడి రాయి చివరిదాకా ఉంచుకోండి. ముఖం పూర్తిచేసి వీపుకు పోవడం తప్పు, నాలుగు వైపులా కొంచెం కొంచెంగా దిగాలి. చెవుల దళసరి 4 మిల్లీమీటర్లకు తగ్గనివ్వొద్దు. చేయికీ నడుముకీ మధ్య సందు కావాలంటే రెండు వైపులనుంచీ తొలిచి మధ్యలో కలపండి. ఒకే వైపు నుంచి తొలిస్తే బిట్ బయటికొచ్చే చోట పెచ్చు ఊడుతుంది.

బిట్ మీద పడే నీటి ధార ఆగిపోకూడదు. పైపూత బిట్లకు వజ్రం ఒకే పొర. పొడిగా ఆడిస్తే వేడికి ఆ పొర రాలిపోతుంది, రాయీ చిట్లుతుంది. గట్టిగా నొక్కినా ఇంతే. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను కోలుకోకుండా చేస్తుంది కాబట్టి నీళ్లున్నా ఎన్95 మాస్కు తీయొద్దు. నేల మీద ఆరిన బురద కూడా దుమ్మే, చీపురు కాదు తడిగుడ్డ పట్టండి. నీళ్లూ మోటారూ ఒకచోట ఉంటాయి కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని ప్లగ్గుకు పెట్టనే వద్దు.

నునుపుకు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 220, 400, 600, 1200, 3000 వరసలో, అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. 220 గీతలు పూర్తిగా పోకుండా 400కు వెళితే అవి మెరుగులో పదింతలు కనిపిస్తాయి. తడి గీతలను దాస్తుంది, కాబట్టి ప్రతి దశలో ఆరబెట్టి ఏటవాలు వెలుతురులో చూడండి. కాగితం మార్చే ముందు బొమ్మను, చేతులను, గిన్నెను కడగండి. పాత గరుకు రేణువు ఒక్కటున్నా మళ్లీ మొదటికే. తొండం సందుల్లోకి కాగితం దూరదు. వెదురు పుల్ల చెక్కి డైమండ్ పేస్టు రాసి తిప్పాలి.

చివరి మెరుగు సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడితో. నీళ్లలో మజ్జిగంత పలచగా కలిపి ఫెల్టు చక్రానికి పట్టించండి. ఫెల్టు ఆరబోతున్నప్పుడు మెరుపు బాగా వస్తుంది గానీ వేడీ అప్పుడే పుడుతుంది. రాయి వేలికి వెచ్చగా తగిలితే ఆపేయండి. చివరి కడుగుడుకు మన బోరు నీళ్లు వద్దు, ఉప్పు మరకలు కడతాయి. ఫిల్టర్ నీళ్లు వాడి వెంటనే తుడవండి. బక్కెట్ అడుగున పేరుకున్న రాతి బురదను మోరీలో పోయకండి, గడ్డకట్టి పైపు మూసుకుంటుంది. పై నీళ్లు వంచేసి, బురదను తడిగానే కవరులో కట్టి పారేయండి.