నేను కొన్న షగాల్ దావీదు ఏ ముద్రణదో తెలుసుకున్న అనుభవం

పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, ఒక పాత పుస్తకాల దుకాణంలో చిత్రకారుడు మార్క్ షగాల్ వేసిన రంగుల దావీదు బొమ్మ కొన్నాను. రాగి రేకు మీద ఆయన స్వయంగా గీసిన ఎచింగ్ (రేకు మీది గీతలను ఆమ్లంతో లోతు చేసి, వాటిలో సిరా నింపి కాగితం మీద ఒత్తే ముద్రణ) అని రసీదులో రాసి ఇచ్చారు. చిన్నప్పుడు గుంటూరులో ఆదివారపు బడిలో విన్న దావీదు సౌలు ఎదుట సితారా వాయించేవాడు. తెలుగు బైబిల్లో ఉన్న మాట అదే కనుక, నా ఊహలో అతని చేతిలో మన సితారే ఉండేది. షగాల్ దావీదు చేతిలో హార్ప్‌ను చూశాక ఆ బొమ్మను వదిలి రాలేకపోయాను.

ఇంటికి వచ్చి చదివితే అనుమానం మొదలైంది. చిత్రాల వ్యాపారి, ప్రచురణకర్త వొలార్ కోరిక మేరకు షగాల్ బైబిల్ ఎచింగులు మొదలుపెట్టి, 1931లో పాలస్తీనా చూసి వచ్చి, 1939లో వొలార్ మరణించేనాటికి 66 రేకులు పూర్తి చేశారు. యుద్ధం, అమెరికా ప్రవాసం గడిచాక 1952లో మళ్లీ చేపట్టి, 1956 నాటికి మొత్తం 105 పూర్తి చేయగా తేరియాద్ అనే ప్రచురణకర్త అచ్చువేయించారు. అవి నల్ల సిరాతో అచ్చయినవి. 100 ప్రతులకు మాత్రం షగాల్ తన చేత్తో రంగులు వేశారు. నాది వాటిలోనిదేమోనన్న ఆశ కొన్నాళ్లు నన్ను నిద్రపోనివ్వలేదు.

భూతద్దంలో కుంచె జాడ కనిపించలేదు. రంగులన్నిటిలో క్రేయాన్‌తో రాసినట్టు సన్నని గరుకుదనం ఉంది. కాగితం వెనుక నల్ల గీతలతో మరో బొమ్మ ఉంది. తేల్చుకోవడానికి ఒక గ్రంథాలయపు ముద్రణచిత్రాల విభాగానికి ఉత్తరం రాసి, కొన్ని వారాలకు అనుమతి పొందాను. చేతులు కడుక్కుని, పెన్సిల్ మాత్రమే తీసుకుని కూర్చున్న నా ముందు అసలు ఎచింగ్ ఒకటి పెట్టారు. దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూస్తే, ప్రెస్సు ఒత్తిడికి కాగితంలోకి దిగిన రేకు అంచు బొమ్మ చుట్టూ స్పష్టంగా కనిపించింది. సిరా గీతలు కాగితం మీద సన్నగా ఉబ్బి ఉన్నాయి. ఆ ఎచింగ్‌లో ఉన్న అబ్రాహాము ముఖంలోని నలుపు లోతును ఏ పుస్తకంలోని ఫోటోలోనూ నేను చూడలేదు. నా దావీదు చుట్టూ అలాంటి అంచు ఎక్కడా లేదు.

అక్కడి అధికారిణి తేరియాద్ నడిపిన కళా పత్రిక వెర్వ్ 1956 నాటి బైబిల్ సంచికను తెచ్చి నా కాగితం పక్కన పెట్టారు. పారిస్‌లోని మూర్లో ముద్రణశాలలో అచ్చయిన అందులోని లితోగ్రాఫే (జిడ్డు క్రేయాన్‌తో చదునైన రాయి లేదా రేకు మీద గీసి, గీతలు లోతు చేయకుండా అచ్చువేసే బొమ్మ) నాది. ఎచింగ్ కాకపోయినా ఇది షగాల్ లితోగ్రాఫే గాని ఫోటో నకలు కాదని ఆమె చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

దుకాణంవారు రసీదు సరిదిద్ది, ధరలో తేడా తిరిగి ఇచ్చారు. ఆ డబ్బుతో రెండు వైపులా అద్దం ఉన్న చట్రం చేయించాను; వెనుక ఉన్న నల్ల బొమ్మ కూడా ఇప్పుడు కనిపిస్తోంది.