కంప్యూటర్ సైన్స్ పక్కన మతాధ్యయనం మైనర్: నా అనుభవం

అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టు) పాటు రెలిజియస్ స్టడీస్, అంటే మతాధ్యయనం, మైనర్‌గా (పక్కన చదివే చిన్న సబ్జెక్టు) పూర్తిచేశాను. ఈ చదువులో దేవుడున్నాడా లేడా అని తేల్చే పని పెట్టుకోరు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు, చేసేదాన్ని వాళ్లే ఏమని పిలుచుకుంటున్నారు అని అడుగుతారు. దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 1963లో అబింగ్టన్ వర్సెస్ షెంప్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ప్రభుత్వ బడుల్లో భక్తిపూర్వకంగా బైబిల్ చదివించడం కుదరదని చెబుతూనే, మతం గురించి పాఠంగా చెప్పడానికి అడ్డులేదని స్పష్టం చేసింది. ఆ తర్వాతే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలు బాగా పెరిగాయి. మన పేపర్లు దిద్దేవాళ్లు ఈనాటికీ ఆ గీత దాటామా లేదా అని చూస్తారు.

నాకు కావలసినవి 18 క్రెడిట్లు, అంటే 3 క్రెడిట్ల కోర్సులు ఆరు: పరిచయ కోర్సు, సిద్ధాంతాలు–పద్ధతులు, రెండు వేర్వేరు సంప్రదాయాల మీద ఒక్కొక్కటి, మనకు నచ్చినదొకటి, చివర సెమినార్. అందులో 9 క్రెడిట్లు పై స్థాయివి అయి ఉండాలి. లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మీరు చేరిన సంవత్సరం క్యాటలాగే (విశ్వవిద్యాలయం నియమాల పుస్తకం) చూడండి. గ్రేడు లేకుండా పాస్/ఫెయిల్ కింద కోర్సు తీసుకోవడం, తీరా అది మైనర్‌కు లెక్కకు రాకపోవడం తరచుగా జరిగే పొరపాటు. సిద్ధాంతాల కోర్సు చాలాచోట్ల ఏడాదికి ఒక్కసారే ఉంటుంది, అది లేనిదే సెమినార్‌లో కూర్చోనివ్వరు. అందుకని దాన్ని రెండో ఏడాదిలోనే ముగించాలి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో మాట: స్టెమ్ ఓపీటీ పొడిగింపుకు, అంటే సైన్స్, టెక్నాలజీ రంగాల డిగ్రీ ఉన్నవాళ్లకు చదువయ్యాక అక్కడ పనిచేసే గడువు పెంచడానికి, మేజర్‌నే చూస్తారు. ఈ మైనర్ వల్ల దానికి లాభమూ లేదు, నష్టమూ లేదు.

అసలు కష్టం సిద్ధాంతాల కోర్సులోనే. పవిత్రం–లౌకికం అన్న విభజన చుట్టూ సమాజాన్ని చూసిన సమాజశాస్త్రవేత్త డర్కైమ్ (1912), భయభక్తులు కలగలిసిన అనుభూతి నుంచి మొదలుపెట్టిన జర్మన్ మతతత్త్వవేత్త రుడాల్ఫ్ ఒట్టో (1917), మతాన్ని సంకేతాల వ్యవస్థగా చదివిన మానవశాస్త్రవేత్త గీర్ట్జ్ (1966) వరసగా వస్తారు. ముగ్గురినీ ఒప్పజెప్పినంత మాత్రాన మార్కులు రావు. ఒకే ఆచారాన్ని తీసుకుని, ముగ్గురి కళ్లతో చూస్తే ఏది కనిపిస్తుందో, ఏది జారిపోతుందో రాయాలి. ఇక్కడ తెలుగు వచ్చినవాళ్లకు ఒక బలం ఉంది. ‘మతం’ అంటే మన పాత వాడుకలో అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ‘రెలిజియన్’ అన్న ఇంగ్లీషు గిన్నెలో మన ఆచారాలన్నీ పడతాయా అన్న ప్రశ్నను ఈ ఒక్క మాటతో మొదలుపెట్టవచ్చు. నా దృష్టిలో కోర్సు మొత్తంలో విలువైన ప్రశ్న ఇదే.

సెమినార్ పేపర్‌కు చాలామంది మనవాళ్లు దగ్గరలోని గుడిని ఎంచుకుంటారు. మంచి ఎంపికే. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరాలయం 1970ల నుంచే ఉంది కాబట్టి, అమెరికా గుళ్లకు ఇప్పుడు చరిత్ర కూడా ఉంది. కానీ జనాన్ని ఇంటర్వ్యూ చేసేముందు ఐఆర్‌బీ (మనుషులతో చేసే పరిశోధనను పరిశీలించి అనుమతించే విశ్వవిద్యాలయ సంఘం) సంగతి తేల్చుకోవాలి. క్లాసు అభ్యాసంగానే ఆగిపోయే పనికి సాధారణంగా దాని అనుమతి అక్కర్లేదు. ఆనర్స్ థీసిస్‌గానో, సదస్సు పత్రంగానో బయటికి తెచ్చే ఉద్దేశం ఉంటే ముందే అడగాలి. సేకరించేశాక వెనకటి తేదీతో అనుమతి ఇవ్వరు, ఆ ఇంటర్వ్యూలన్నీ వృథా అవుతాయి. ఆన్‌లైన్ నైతిక శిక్షణ, ప్రశ్నల జాబితా, సమ్మతి పత్రం సిద్ధం చేసుకుని సెమిస్టర్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి. సమ్మతి పత్రం తెలుగులోనూ ఉండాలి. గుళ్లో పిల్లలకు నడిపే బాలవికాస్ తరగతి పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల అనుమతి వేరుగా తీసుకోవాలి.

గుడికి వెళ్లిన మొదటి రెండుసార్లూ ప్రశ్నలేమీ అడక్కుండా ఊరికే గమనించండి. అర్చన ఎన్నింటికి మొదలైంది, గోత్రనామాలు ఎవరు చెబుతున్నారు, ప్రకటనలు ఏ భాషలో, వంటింట్లో ఎవరు, చెప్పుల దగ్గర ఎవరు, అన్నీ సమయంతో సహా రాయాలి. అర్చకస్వామిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ ఆగమం (గుడిలో పూజావిధానాన్ని నిర్ణయించే శాస్త్రం) అని: వైఖానసమా, పాంచరాత్రమా, శైవమా. తిరుమలలో వైఖానసం కాబట్టి అన్ని వేంకటేశ్వరాలయాల్లోనూ అదే అనుకుని రాసేయడం తప్పు. అదే రోజు రాత్రి నోట్సు విస్తరించి రాసుకోకపోతే సగం పోతుంది. గంట రికార్డింగ్‌ను అక్షరాల్లో పెట్టడానికి కనీసం నాలుగైదు గంటలు పడుతుంది, తెలుగూ ఇంగ్లీషూ కలిస్తే ఇంకా ఎక్కువ.

మనవాళ్ల పేపర్లలో రెండు లోపాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, ‘హిందువులు నమ్ముతారు’ అని మొదలుపెట్టడం. ఏ ఊరివాళ్లు, ఏ కులంవాళ్లు, ఏ తరంవాళ్లు అని అంచు మీద ప్రశ్న రాసి తిప్పి ఇస్తారు. రెండోది అనువాదం. ‘మొక్కు’ను ప్రార్థన అనేస్తే అందులోని బాకీ పోతుంది, ‘మడి’ని శుభ్రత అంటే తడిబట్టా, తాకకూడదన్న నియమమూ పోతాయి. నేను తెలుగు మాటను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట రెండు వాక్యాల వివరణ ఇచ్చి, ఆ తర్వాత మాటనే వాడేవాణ్ని. ఇంటర్వ్యూ వాక్యాలకు మూలం తెలుగులో, కింద సొంత అనువాదం. పేజీలు పెరుగుతాయి, అందుకే పేజీల పరిమితిలో అనుబంధం లెక్కలోకి వస్తుందో రాదో ముందే అడగాలి.

పేర్లు మార్చినా చిన్న ఊరి గుళ్లో ‘వంటశాల చూసే పెద్దావిడ’ అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి చోట వివరమే మార్చాలి, లేదా ఆవిడకు ఆ పేరా తెలుగులో చదివి వినిపించి, సరేనన్నాకే ఉంచాలి.